రాళ్ళ వరసకు అవతలి చెత్త

కొండ కింది ఇల్లు
ఎండలు ముదిరాక

చెల్లీ,

నేను చెబుతున్నాను, నా కోడలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మెత్తబరిచి రాస్తే ఈ పూట అన్నం పెట్టనన్నాను. వండేది తనే కదా అని నవ్వింది. అదీ రాయమన్నాను. కాబట్టి చదివాక "మా అక్క ఇంత మాట అని ఉండదు, కోడలు కల్పించి ఉంటుంది" అని సర్దుకోకు. అన్నాను.

విషయానికొస్తా. మన వాలు నాశనమైపోయింది. పై కొండ మీద ఈ ఏడు పచ్చనిది ఏమీ మిగల్లేదట, దుప్పులు మందకి మంద దిగి అమ్మ బుట్టల పుల్ల కోసం నాటిన పొదలన్నీ తినేశాయి. నా సగం, నీ సగం అని చూడలేదు.

తినడమంటే తినడమా అది! కత్తితో కోసినట్టు ఉంటే ఊరుకుందును. పట్టి పీకాయి. ప్రతి కొమ్మ చివరా పీచులు పీచులుగా వేలాడుతోంది, ఎవడో నమిలి ఉమ్మిన చెరుకు పిప్పిలాగా. దాని మీద జొల్లు. జొల్లు మీద ఈగలు. మొదళ్ళ చుట్టూ పెంటికలు, ఉచ్చ కంపు. బెరడు ఒలిచిన చోట వాటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. సాయంత్రం ఇంటికొచ్చి చీర దులిపితే పిడుదులు రాలాయి. ఒకటి నా చంకలో దూరి నా రక్తం తాగి సెనగగింజంత అయింది. కోడలు దాన్ని పీకుతూ "ఛీ ఛీ" అంటుంటే, ఛీ అనాల్సింది దాన్ని, నన్ను కాదు అన్నాను. పొదలు పోయినందుకు నాకు ఏడుపు రావడం లేదే. వాంతి వస్తోంది.

పుల్ల లేకపోతే బుట్ట లేదు. బుట్ట లేకపోతే నాకీ చేతులెందుకు? పళ్ళ మండీ వాళ్ళు ప్లాస్టిక్ డబ్బాలు కొంటామని ఇప్పటికే మూతులు తిప్పుతున్నారు. ఈసారి బుట్టలు ఇవ్వలేకపోతే ఇక నా గడప తొక్కరు.

ఫారెస్టాయన్ని పిలిపించాను. వచ్చాడు, టోపీ తీశాడు, "మూగజీవాలమ్మా" అన్నాడు. మూగవైతే నోరు మూసుకుని ఉండాలిగా నాయనా, ఊరి మీద పడి తినే ఆ నోరేమిటి అన్నాను. పొదల్ని ముట్టుకోకుండా అలా వదిలేయమన్నాడు, వేళ్ళు బతికే ఉన్నాయి, వాటంతట అవే లేస్తాయి అన్నాడు. వదిలేయాలట! ఆ చీకిన పుల్లల్ని, ఆ ఎంగిలిని! "కోసిన మొదలు కడిగిన పళ్ళెంలా ఉండాలి" అని అమ్మ మన నెత్తిన మొట్టి నేర్పలేదూ? నేను నా సగం మొత్తం మొదలంటా కోసి, ఆ దరిద్రాన్నంతా పోగేసి తగలబెడుతున్నాను.

తరవాత కంచె. సన్నగా కరెంటు పారే తీగ ఫారెస్టువాళ్ళే కడతారట, చావవు, ముక్కు చురుక్కుమంటుంది. కానీ పట్టా ఇద్దరి పేరునా ఉంది కాబట్టి ఇద్దరూ ఒప్పుకోవాలట. కాగితం ఇందులో పెట్టాను, నా వేలిముద్ర వేసేశాను. నీకు సంతకం వచ్చుగా, గొప్పదానివి. పెట్టి పంపు.

నీ సగం గురించి అడగవనుకో, అయినా చెబుతాను. నువ్వు వెళ్ళిపోయాక దాన్ని ఎవరూ కొయ్యలేదు. చచ్చిన కొమ్మలూ బతికిన కొమ్మలూ పెనవేసుకుని, అదొక చెత్తకుండీ. ఇప్పుడు దుప్పులు చుట్టూ కొరికి వదిలాక, క్షౌరం మధ్యలో లేచిపోయినవాడి తలలా ఉంది. చూస్తే కత్తి పట్టుకోవాలనిపిస్తుంది. కానీ ముట్టలేదు. మన సగాల మధ్య రాళ్ళ వరస దాటి నీ పుల్ల ఒక్కటి విరవలేదు ఇన్నేళ్ళూ. ఎందుకో నీకు తెలుసు.

ఇంకోటి. నీ ఉత్తరాలు సబ్బు కంపు కొడతాయి. పెట్టె తెరిస్తే ఇల్లంతా అదే.

అక్క
(వేలిముద్ర)

చిన్నత్తయ్యగారూ, నేనేమీ మెత్తబరచలేదు. — కోడలు


లాండ్రీ వెనక గది
ఆ ఎండల్లోనే

అక్కా,

నీ ఉత్తరం అన్నం తింటూ చదివాను, అదీ నా తప్పు. పిడుదు దగ్గరికి వచ్చేసరికి గిన్నె మీద మూత పెట్టేశాను. పక్కన ఇస్త్రీ చేసే ఆవిడ "ఏంటమ్మా, ఇంట్లో ఎవరికైనా బాలేదా?" అంది. "మా అక్క బ్రహ్మాండంగా ఉంది, అదే ఇబ్బంది" అన్నాను.

రోత గురించి నాకు చెప్పకు. ఇన్నేళ్ళుగా హోటళ్ళ పక్కదుప్పట్లు ఉతుకుతున్నదాన్ని. ఏ మరక ఏమిటో చూడకుండా వాసనతో చెప్పగలను, చెప్పను. మంచి బట్టలేసుకుని కారు దిగినవాళ్ళు తలుపేసుకున్నాక ఏమిటో పక్కదుప్పటికి తెలుస్తుంది, ఆ తరవాత నాకు తెలుస్తుంది. నీ దుప్పులు నయం, చేసేదేదో బయట చేస్తాయి. నా సబ్బు నీకు కంపు కొడితే ముక్కు మూసుకో. ఆ సబ్బే లేకపోతే ఇక్కడి కంపు నీ దాకా వచ్చేది.

కాగితం అందింది. కళ్ళజోడు సరిగా లేదు, తీరిగ్గా చదివి పంపిస్తాను. అయినా నాదెలాగూ చెత్తకుండీ అన్నావు కదా, చెత్తకుండీకి కరెంటు కంచె కడితే చూసినవాళ్ళు నవ్వరూ? ఆ ఫారెస్టాయన వదిలేయమన్నాడు కదా, ఒక్కసారి ఒకరి మాట వింటే నీ సొమ్మేం పోతుంది? నువ్వు పట్టిన కుందేలుకి చిన్నప్పటి నుంచీ మూడే కాళ్ళు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని అమ్మాయి అంటే, పెన్ను మంచిది కాదని చెప్పు.

అమ్మాయీ, మీ అత్తకి చదివి వినిపించేటప్పుడు నువ్వూ మెత్తబరచకు.

చెల్లెలు


కొండ కింది ఇల్లు
వానలు పడ్డాక

ఏమే,

సంతకం రాలేదు. ఎందుకు రాలేదో ఇవాళ తెలిసింది. అయినా వరసగానే చెబుతాను, నాకు కోపంలో కూడా వరస తప్పదు.

నా సగం కడిగిన పళ్ళెంలా చేశానా? తొలివానకి ప్రతి మొదలుకీ చిగుళ్ళు వచ్చాయి. వెన్నలా ఉన్నాయి. చూసి మురిసిపోయాను. తెల్లారేసరికి లేవు. దుప్పులకి వడ్డించిన విస్తరైంది నా వాలు. ఏ అడ్డూ లేదు, వంగక్కర్లేదు, వెతకక్కర్లేదు. మిగిలిన ముక్కల్ని మళ్ళీ శుభ్రంగా కోశాను. మళ్ళీ చిగురు, మళ్ళీ మేత. ఇప్పుడు వచ్చేవి చిగుళ్ళు కావు, వెంట్రుకలు. కొన్ని మొదళ్ళు అసలు పలకడం లేదు. వేలితో నొక్కితే కుళ్ళిన పండులా మెత్తగా దిగబడి, బూజు కంపు.

రేకు డబ్బా వాయిస్తూ కూర్చుంటున్నాను. ఒక ముసలి దుప్పి ఉంది, కొమ్ము విరిగింది, ఒంటి మీద గజ్జి. డబ్బా వాయిస్తే కదలదు. నమలడం ఆపి నా వంక చూస్తుంది. మూతి పక్క నుంచి నా చిగురు వేలాడుతుంటుంది. నా వంకే చూస్తూ పెంటికలు వేస్తుంది. ఎంత పొగరే దానికి!

సరే, ఇవాళ. పొద్దున్నే ఒకడు వచ్చాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేదు, బొడ్డు బయట. చేతిలో టేపు. నీ సగంలో దిగి కొలుస్తున్నాడు. రెండడుగులకోసారి ఉమ్ముతున్నాడు. ఎవడ్రా నువ్వు అంటే, "పెద్దమ్మగారూ, రోడ్డు మీద లారీల షెడ్డు మాదే. మీ చెల్లెలుగారు ఈ ముక్క ఇస్తామని మాటిచ్చారు. వానలు తగ్గాక మెషీను తెచ్చి చదును చేస్తాం. లారీలు నిలబెట్టుకోవాలి" అన్నాడు. అని, నీ పొద ఒకటి పట్టుకుని ఊపి, "ఇదంతా చెత్తే కదండీ" అన్నాడు.

చెత్తే. నేనూ అన్నాను చెత్త అని. కానీ నేను అంటే నేను అన్నాను. వాడెవడు అనడానికి?

దుప్పులు వచ్చి మేస్తే ఫారెస్టాయనకి చెప్పుకున్నాను. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను? "అక్కా, అమ్ముతున్నాను" అని ఒక్క ముక్క రాయలేకపోయావు. కళ్ళజోడు సరిగా లేదన్నావు. లారీవాడికి మాట ఇవ్వడానికి కళ్ళజోడు అక్కర్లేదు కాబోలు.

దుప్పి జొల్లు నీళ్ళు పోస్తే పోతుంది. నువ్వు చేసిన పని మీద ఏ నీళ్ళు పొయ్యను? ఛీ.

(వేలిముద్ర)

చిన్నత్తయ్యగారూ, ఆఖరి మాట రాయనన్నాను. రాసే దాకా కదలనివ్వలేదు. — కోడలు


ఊరు అదే
వానల నడుమ

అక్కా,

అవును. మాట ఇచ్చాను.

నా సగం నాది. పట్టాలో ఇద్దరి పేర్లున్నా ఎవరి వాటా వాళ్ళు అమ్ముకోవచ్చట. అమ్మ పోయిన వారం తిరక్కుండానే వాలుకి అడ్డంగా రాళ్ళు పేర్చింది నువ్వు. "ఇటువైపు నీ చెయ్యి పడితే విరుస్తా" అన్నది నువ్వు. నీ వైపు నా చెయ్యి పడకూడదంటే నా వైపు నీ చెయ్యీ పడకూడదు అన్నాను నేను. ఇద్దరం మాట మీద నిలబడ్డాం. ఇప్పుడు నా వైపు ఏం జరిగితే నీకెందుకు?

దుప్పులకి ఆకలి. లారీలాయనకి జాగా కావాలి. నాకు ఏం కావాలో నువ్వు ఒక్క ఉత్తరంలోనైనా అడిగావా? చిన్నప్పటి నుంచీ నీ వాదన నువ్వు చెప్పడమే గానీ, ఇంకొకరికి నోరుందని నీకు తోచదు.

వానలు తగ్గాక కాగితాల మీద సంతకం పెడతాను. మెషీను వచ్చినప్పుడు అడ్డం పడుకోవడం లాంటివి చెయ్యకు.

చెల్లెలు


కొండ కింది ఇల్లు
వానలు వెనకపట్టు పట్టాక

చెల్లీ,

నీ ఉత్తరం విన్నాక చాలా రోజులు ఎవర్నీ తిట్టలేదు. జ్వరమేమోనని కోడలు భయపడి నుదురు పట్టి చూసింది.

ఇప్పుడు ఒక రోత పుట్టించే సంగతి చెబుతాను. మధ్యలో నవ్వావో, ఇక్కడి నుంచే తెలుస్తుంది నాకు.

మొన్న ఆ ముసలి దుప్పి నా వైపు తినడానికి ఏమీ దొరక్క నీ వైపు వెళ్ళింది. పో, ఆ చెత్త తిని చావు అనుకున్నాను. అది నీ పొద పక్కన నిలబడి మెడ సాచింది. మళ్ళీ సాచింది. ముందుకాళ్ళు పొద మీద పెట్టబోయింది. ఠక్కున ముక్కు వెనక్కి లాక్కుని, తుమ్మి, జొల్లు చిమ్మి, అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయింది. గజ్జిదాన్ని మర్యాదగా సాగనంపిన ఆ పొదలో ఏముందా అని రాళ్ళ వరస దాకా వెళ్ళి చూశాను. దాటలేదు. మెడ సాచి చూశాను, దానిలాగే.

చుట్టూ అంతా అవి కొరికి వదిలిన మొండి పుల్లలే. ఎండిపోయి సూదుల్లా అయ్యాయి. కొరికిన చోటల్లా పక్క నుంచి పుల్ల పుట్టి, దాన్నీ కొరికితే దాని పక్కన ఇంకోటి పుట్టి, గట్టిగా, పొట్టిగా, గడ్డిమోపులా దట్టంగా అల్లుకుపోయింది. నేను ఇంత దట్టంగా అల్లలేను. బయటి నుంచి తింటూ తింటూ ఆ దరిద్రాలే పొదకి కంచె కట్టి పెట్టాయి. ఆ మొండి పుల్లలు అడ్డుపడి దాని మెడ నడిమి దాకా చేరడం లేదు. ఆ నడిమిన, చెల్లీ, నీ చెత్తకుండీ నడిమిన, పుల్లలు లేచాయి. నా ఎత్తు దాటాయి. నిటారుగా, కణుపు లేకుండా, అరచెయ్యంత ఆకుతో. అమ్మ బతికి ఉంటే వాటిని చూసి కత్తి నూరుకునేది.

నా వైపు కడిగిన పళ్ళెమే. అందులో ఏమీ లేదు.

ఫారెస్టాయన చెప్పాడు కదా అని అనకు. అతను చెప్పాడని కాదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు నా అర్జీ. నీ పొదల అడుగున ఏళ్ళ తరబడి విరిగిపడ్డ ఎండు కంప గుట్టలు గుట్టలుగా ఉంది. అది నాకు కావాలి. నా మొదళ్ళలో ఇంకా ప్రాణం ఉన్నవాటి మీద కప్పుతాను. దుప్పి మూతికి అందకుండా ఒక్క ఏడాది ఆ కంప లోపల లేచాయంటే ఆ తరవాత వాటి బతుకు అవి చూసుకుంటాయి. వాలు అమ్ముకుంటే అమ్ముకో. లారీలు పెట్టుకోనీ, నూనె ఒలకబోయనీ, ఉమ్మనీ. కానీ మెషీను వచ్చేలోపు ఆ చెత్త నాకు ఇవ్వు. అడగకుండా రాళ్ళు దాటను. అందుకే అడుగుతున్నాను. ఈ మాట చెప్పడానికి నా నోరు ఎంత చేదెక్కిందో నీకు తెలియాలి.

ఇంకొకటి. నీకేం కావాలో అడగలేదన్నావు. నాకు అక్షరాలు రావు, ముక్కు ఉంది. నీ ఆఖరి ఉత్తరానికి సబ్బు వాసన లేదు. మలాం కంపు కొట్టింది. లాండ్రీ వెనక గది అని కూడా రాయలేదు, ఊరు అదే అని రాశావు. కోడలి చేత రెండుసార్లు చదివించాను. అక్షరాలు వంకరగా ఉన్నది పెన్ను వల్ల కాదు.

అడుగుతున్నాను. పని ఎప్పుడు పోయింది? చేతులకి ఏమైంది? ఎక్కడ పడుకుంటున్నావు?

అక్క
(వేలిముద్ర)

చిన్నత్తయ్యగారూ, ఇది అత్తయ్య చెప్పనిది. డబ్బా పట్టుకుని దుప్పి వెంట పడి వాలు మీద జారారు. కాలు వాచింది. కర్ర లేకుండా నడవలేరు. మీకు రాస్తే ఊరుకోనన్నారు. మీకు రాయకపోతే నేను ఊరుకోలేను. — కోడలు


ఇస్త్రీ ఆవిడ ఇల్లు
చలి మొదలయ్యే రోజులు

అక్కా,

నవ్వాను. తుమ్మిన దగ్గర నవ్వాను. ఆ తరవాత నవ్వలేదు.

ఎండల్లోనే మొదలైంది. సబ్బునీళ్ళూ మరకల మందూ కలిసి చేతుల తోలు ఊడిపోయింది. వేళ్ళ సందుల్లో పగిలి, చీము. దుప్పటి పిండితే తెల్లగుడ్డకి నా చేతి మరక అంటేది. ఇన్నేళ్ళు జనం మరకలు ఉతికిన దాన్ని, చివరికి నేనే మరక అయ్యాను. మేనేజరు ముక్కుకి రుమాలు పెట్టుకుని చూశాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. పనితో పాటు గదీ పోయింది. ఇస్త్రీ ఆవిడ వంటగదిలో పడుకోనిస్తోంది, లాండ్రీకి వచ్చే నీ ఉత్తరాలూ ఆమే తెచ్చి ఇస్తోంది. ఆమెకి ఇద్దరు పిల్లలు, ఎంతకాలం ఉండగలను? లారీలాయన అడిగితే సరే అన్నాను. ఈ చేతులతో పుల్ల చీల్చలేను, బుట్ట అల్లలేను. ఆ వాలు మీద నాకేం పని ఉంది అనుకున్నాను.

నీకు ఎందుకు చెప్పలేదంటావేమో. చెబితే నువ్వు "చూశావా, నేను ముందే అన్నాను" అంటావని.

సంతకం ఇంకా పెట్టలేదు. మూడుసార్లు కబురు పంపాడు, కళ్ళజోడు సరిగా లేదన్నాను.

కంప అడిగావు. అందరూ ఛీ కొట్టిన ఆ గుట్టలో నువ్వు చూసిన పుల్లల సంగతి అమ్మాయి చేత ఇంకోసారి రాయించు. ఎంత ఎత్తు, ఏ రంగు. నాకు అది చదువుతుంటే అన్నం సహించింది.

నా చెత్త ఊరికే ఇవ్వను. చెత్తతో పాటు నేనూ వస్తాను. పుల్ల చీల్చలేకపోయినా కంప ఈడ్చగలను, చేతులకి గుడ్డలు చుట్టుకుని. ఒప్పుకుంటే రాయి. లారీలాయనకి చెప్పాల్సింది చెబుతాను.

నీ కాలు సంగతి నాకు తెలియదు. ఎవరూ రాయలేదు.

చెల్లెలు


కొండ కింది ఇల్లు
చలి

చెల్లీ,

చూశావా, నేను ముందే అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, కానీ అని ఉంటాను. ఇక ఆ మాట అయిపోయింది, మళ్ళీ అనను.

ఆ మేనేజరు రుమాలు వాడి నోట్లోనే కుక్కాలి. తెల్లదుప్పటి మీద పడుకునే వాళ్ళందరూ కలిసి నీ చేతులు తిన్నారు. నా దుప్పులే మేలు. మలాం తెచ్చుకోకు, ఇక్కడ డాక్టరమ్మ ఉంది. నా కాలు చూసి కట్టు కట్టింది. నా కాలికి ఏమీ కాలేదు.

వేరే గది లేదు. నా గదిలోనే పడుకోవాలి. నువ్వు గురక పెడతావు, నాకు తెలుసు. నేను దగ్గి గిన్నెలో ఉమ్ముతాను, నీకు రోత. ఇద్దరం ముక్కులు మూసుకుని పడుకుందాం. ఇస్త్రీ ఆవిడకి ఒక బుట్ట పంపుతాను, పాత పుల్లతో అల్లిందే, అడుగు గట్టిది.

పుల్లల ఎత్తు అడిగావు. కోడలు చెయ్యెత్తి నిలబడితే వేలికొసకి పైన ఉన్నాయి. రంగు, పండబోయే రేగుపండు రంగు. కొయ్యలేదు. నీవి. నువ్వొచ్చి చూశాక, కొయ్యాలా వద్దా అని నువ్వు చెప్పు. కోస్తే మాత్రం చుట్టూ ఉన్న మొండి పుల్లల్ని వదిలేసి, నడిమివే కోద్దాం. కడిగిన పళ్ళెం సంగతి అమ్మకి తరవాత సర్దిచెప్పుకుంటాను.

నువ్వు వచ్చే దాకా ఆగలేదు, కంప ఈడ్చడం మొదలుపెట్టాం. నేను కూర్చుని చెబుతున్నాను, కోడలు ఈడుస్తోంది, నన్ను తిడుతోంది కూడా. దుప్పులు ఇంకా వస్తున్నాయి. ఆ గజ్జిది నిన్న ఆ కంపలో మూతి పెట్టి, పొడిపించుకుని, నా కాళ్ళ దగ్గరే తుమ్మి పోయింది. చీరంతా జొల్లు. ఛీ, దాని బతుకు!

వచ్చేటప్పుడు దారి తికమక పడతావేమో అని ఒక మాట ముందే చెబుతున్నాను. వాలు మీద రాళ్ళ వరస కోసం వెతక్కు. నేను కావాలని తియ్యలేదు. గాలికి కంప ఎగిరిపోతోంది, మీద బరువు పెట్టడానికి రాళ్ళు కావాల్సి వచ్చాయి. ఈ కాలితో దూరం వెళ్ళి తేలేను కదా, దగ్గర్లో అవే ఉన్నాయి.

అక్క
(వేలిముద్ర)